నెమలి కన్నుకు పరాయి ముద్ర

ఉప్పాడలో మార్కండేయులు అని ఒక యువకుడు ఉండేవాడు. చక్కని బొమ్మలు గీసేవాడు గాని, పేరున్న కంపెనీ గుర్తు పక్కన పెడితే తన గీత తనకే వెలవెలబోయినట్టు కనిపించేది. అతని చేతిలో పాత ఫోను ఉండేది. దాని వెనక మాత్రం ఖరీదైన కంపెనీ ముద్ర ఉన్న స్టిక్కరు మెరుస్తూ ఉండేది. టోపీ కొన్నా, చొక్కా కొన్నా ముందు ముద్ర చూసుకునేవాడు, తర్వాతే గుడ్డ చూసుకునేవాడు. ముద్ర లేని వస్తువు అతని కంటికి ఊరూ పేరూ లేని మనిషిలా అనిపించేది.

బీచ్ రోడ్డు పక్కన ఒక జిరాక్సు కొట్టులో అతను పనిచేసేవాడు. గిరాకీ లేనప్పుడు కొట్టు కంప్యూటర్లో బొమ్మలు గీసుకుంటూ, సముద్రం కేసి చూస్తూ కలలు కనేవాడు. ఆ కలల్లో ఎప్పుడూ దమయంతి ఉండేది. దమయంతి అతనికి వరసకు మరదలు. వాళ్ళమ్మతో కలిసి జాందానీ చీరలు నేసేది.

జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. చీరలో ఇటు సగం ఒకరిది, అటు సగం ఇంకొకరిది. దారం చుట్టిన చిన్న చిన్న కండెలతో పోగు వెంట పోగు దూరుస్తూ బుటా, అంటే చీర మీది పువ్వో పిట్టో, వేస్తారు. ఒక్క పోగు మార్చాలన్నా పక్కమనిషికి చెప్పే మార్చాలి. చెప్పకుండా మారిస్తే ఇటు నెమలి ఒకలా, అటు నెమలి ఇంకోలా వచ్చి చీరంతా పాడవుతుంది. అక్కడ చిన్నప్పటి నుంచీ నేర్పే మొదటి మాట అదే.

ఒకసారి దమయంతి చదరాల కాగితం మీద బుటా గీస్తుంటే మార్కండేయులు పక్కన కూర్చుని చూశాడు. ఒక్కో గడి నింపుకుంటూ వెళితే కాసేపటికి చిలక అయింది.

"దమయంతీ! కంప్యూటర్లో బొమ్మలు కూడా ఇంతే తెలుసా? అవీ గళ్ళే. మీ బుటాలన్నీ నేను తెర మీద వేస్తే ఎలా ఉంటుందంటావ్?"

"నేస్తే చీరవుతుంది. నువ్వు వేస్తే ఏమవుతుంది బావా?" అని నవ్వింది.

ఏమవుతుందో అతను చేసి చూపించాడు. ఆ రోజుల్లో కొందరు తెలుగువాళ్ళు కలిసి "తీరం" అని కంప్యూటర్ను నడిపే ఒక వ్యవస్థ తయారుచేస్తుండేవారు. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆ తీరానికి తెర మీద కనిపించే చిన్న బొమ్మలు, అంటే ఐకాన్లు, కావలసి వచ్చాయి. దమయంతి కాగితం మీద బుటాలు గీసింది. మార్కండేయులు వాటిని తెరకెక్కించి పంపాడు. ఫైళ్ళు దాచుకునే చోటుకు మడతపెట్టిన చీర. ఉత్తరాలకు చిలక. చెత్తబుట్టకు చిక్కుపడ్డ దారపు ఉండ. అన్నిటిలోకీ అందమైనది వీడియోలు చూసే చోట పెట్టిన నెమలి కన్ను. నీలం చుట్టూ ఆకుపచ్చ, దాని చుట్టూ బంగారు పోగులు వణుకుతున్నట్టు ఉండేవి. దాని కోసం దమయంతి ఎన్ని కాగితాలు చింపిందో ఆమెకే తెలియాలి.

తీరం పనులు చూసే హైమవతి గారు రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. "మావాళ్ళందరికీ తెగ నచ్చాయి బాబూ! కొత్త తీరం తెరవగానే మీ బొమ్మలే కనబడతాయి. కింద మీ ఇద్దరి పేర్లూ వేస్తాం. ఒక్కటే మాట. అందులో ప్రతి బొమ్మా ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఉండాలి. సరేనా?"

"తప్పకుండా మేడమ్!" అన్నాడు.

ఆ కబురు చెప్పగానే దమయంతి చేతిలో కండె ఆగిపోయింది. "నా పేరా? పేరు కూడా వేస్తారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. "ఇన్నాళ్ళూ ఇన్ని చీరలు నేశాం బావా. ప్రతి చీరకీ కొట్టువాళ్ళ చీటీ అంటించి ఉంటుంది. నేసినదాని పేరు ఒక్క చీర మీదా ఉండదు. మా అమ్మ పేరు కూడా ఎక్కడా లేదు. నా నెమలి కన్ను కింద నా పేరు చూడాలి నేను." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి మార్కండేయులు, ఆ వెలుగు కోసం సముద్రానికి అడ్డంగా గోడ కట్టమన్నా కట్టేస్తాననుకున్నాడు.

అలా అనుకున్న వారానికే వీర్రాజు జిరాక్సు కొట్టుకు వచ్చాడు. అతను రొయ్యల చెరువులకు మేత అమ్ముతుండేవాడు. ఏ కొత్త వస్తువు గురించైనా ఊళ్ళో తన మాటే ఆఖరి మాట అనుకునేవాడు. తెర మీద బొమ్మలు చూసి పకపకా నవ్వాడు.

"ఒరే మార్కండూ, ఇదేంట్రా? కంప్యూటరా, చీరల కొట్టా?"

"మేం గీసినవే వీర్రాజన్నా. తీరంలో పెడుతున్నారు."

"వీడియో చూడాలంటే నెమలీక నొక్కాలా? జిల్మో గుర్తేదిరా? నారింజ రంగు కన్ను! చూడగానే చంటిపిల్లాడైనా జిల్మో అని గుర్తుపడతాడు. కంపెనీ ముద్ర లేకపోతే నాటుసరుకులా ఉంటుందిరా, ఏమనుకోకు."

వీర్రాజు వెళ్ళిపోయాడు గాని ఆ మాట వెళ్ళలేదు. మార్కండేయులు మళ్ళీ తెర చూశాడు. నిన్నటిదాకా మురిపించిన నెమలి కన్ను ఇవాళ బెరుకుబెరుకుగా నిలబడ్డ పల్లెటూరి పిల్లలా కనబడింది. జిల్మో అంటే దేశమంతటికీ వీడియోలు చూపించే పెద్ద కంపెనీ. దాని కన్ను తెచ్చి మధ్యలో పెట్టాడు. ఒట్టిగా పెడితే మిగతా బొమ్మలతో కలవలేదు. అందుకని దాన్ని కూడా పోగుల్లా గీసి, దమయంతి నెమలీకను చుట్టూ అల్లాడు. భలే కుదిరింది. మార్చిన బొమ్మలు తీరం వాళ్ళకు పంపేశాడు. ఇంటర్నెట్లో కూడా పెట్టాడు. దమయంతికి మాత్రం చెప్పలేదు. చెబితే వద్దంటుందని అతనికి తెలుసు.

పొగడ్తలు వెల్లువెత్తాయి. "జిల్మో కూడా ఉందా, అబ్బ!" అన్నారు ఎవరెవరో. అతను గాల్లో తేలుతూ నడిచాడు.

"బావా, నా నెమలి కన్ను తెర మీద బాగా వచ్చిందా?" అని దమయంతి అడిగింది.

మార్కండేయులు తల పక్కకు తిప్పుకుని, "ఓ, బ్రహ్మాండంగా వచ్చింది" అన్నాడు. ఆమె నమ్మింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. జిల్మో కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మా గుర్తును మా అనుమతి లేకుండా వాడారు, పైగా వంకర చేశారు, కోర్టుకు వెళతాం అన్నది దాని సారాంశం. మార్కండేయులు హడలిపోయి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అవతల మనిషి వెన్న పూసినట్టు మాట్లాడాడు.

"భయపడకండి. మీరు మంచి ఆర్టిస్టు. ఒక కాగితం పంపుతాం. ఈ బొమ్మ మీద, ఆ కన్ను చుట్టూ ఉన్న ఈకల పని మీద మీకే హక్కూ లేదని, సర్వహక్కులూ మావేనని సంతకం పెట్టండి చాలు. కేసూ లేదు, గీసూ లేదు."

"అంతేనా అండీ?"

"అంతే. కావాలంటే మా అసలు గుర్తు పెట్టుకోండి. గీత మారకూడదు, రంగు మారకూడదు."

జిల్మో అంతటి కంపెనీ తనను ఆర్టిస్టు అన్నది! భయంలో కూడా ఆ మాట అతని చెవికి తియ్యగా తగిలింది. ఆ ఈకలు తనవి కావని, దమయంతివని ఒక్క క్షణం గుర్తొచ్చింది. ఆ క్షణం దాటిపోయింది. సంతకం పెట్టేశాడు. నారింజ కన్నును ఉన్నదున్నట్టు తెచ్చి నెమలి కన్ను చోట కూర్చోబెట్టి తీరానికి పంపాడు.

ఈసారి హైమవతి గారు ఫోన్ చేశారు. గొంతులో మునుపటి చనువు లేదు.

"ఏమిటి బాబూ ఇది? కంపెనీ వాళ్ళేమో వెంట్రుకవాసి మార్చకూడదంటారు. మా దగ్గరేమో ఎవరైనా మార్చుకోగలిగిందే ఉండాలి. ఇక ఈ గుర్తు మా ఇంట్లో ఎలా ఇముడుతుంది? నువ్వే చెప్పు."

"తీసేస్తాను మేడమ్. పాత నెమలి కన్నే పెట్టేస్తాను."

"ఆ ఈకల పని వాళ్ళదని నువ్వే సంతకం చేసి ఇచ్చావటగా! వాళ్ళ మనిషి ఆ కాగితం మాకూ పంపాడు. ఇప్పుడు దమయంతి పాత బొమ్మ పెట్టినా పేచీ పెడతారు. మేమంతా ఊరికే పనిచేసేవాళ్ళం నాయనా, కోర్టుల చుట్టూ తిరగలేం. మీ బొమ్మలు మొత్తం తీసేస్తున్నాం. ఆ అమ్మాయికి నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు" అన్నారు.

అతను మగ్గం దగ్గరికి వెళ్ళాడు. దమయంతి, వాళ్ళమ్మ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. అతను ముగించాక ఆగాయి.

"అది తీసి ఇది పెట్టేటప్పుడు నాతో ఒక్క మాట అన్నావా బావా?"

"నాటుగా ఉందన్నారు. పెద్ద కంపెనీ గుర్తుంటే మన బొమ్మలకు విలువొస్తుందనుకున్నాను. నీ కోసమే..."

"నా కోసమా? నా కోసమైతే నాకు చెప్పేవాడివి." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతనికి అనిపించింది. "నా నెమలి కన్ను నాది కాదని సంతకం పెట్టడానికి నువ్వెవరు?"

వాళ్ళమ్మ తల ఎత్తకుండానే, "పోగు తెగుతుందే, చూసుకో" అంది. కండెలు మళ్ళీ కదిలాయి. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఇద్దరిలో ఎవరూ లోపలికి రమ్మనలేదు.

కొత్త తీరం వచ్చింది. తెరవగానే ఇంకెవరి బొమ్మలో కనబడ్డాయి, కింద ఇంకెవరి పేర్లో ఉన్నాయి. మార్కండేయులు ఒకసారి చూసి కంప్యూటర్ ఆపేశాడు.

దసరా ముందు బీచ్ రోడ్డు మలుపులో తాటిచెట్టంత ఫ్లెక్సీ లేచింది. జిల్మో పండగ ప్రకటన. మధ్యలో నారింజ రంగు కన్ను, పోగులతో నేసినట్టుగా ఉంది. చుట్టూ నీలం, ఆకుపచ్చ, వణికే బంగారం. అచ్చం అతను గీసిందే, ఆ ఈకలు దమయంతివే. మూల మీద చిన్న అక్షరాల్లో సర్వహక్కులూ జిల్మోవి అని రాసి ఉంది.

దాని కింద వీర్రాజు నడుం మీద చేతులు పెట్టుకుని తన్మయంగా చూస్తున్నాడు. "చూశావా మార్కండూ! ఆ నేతపని చూడు, ఆ నెమలీక చూడు! ఎంతైనా కంపెనీవాళ్ళు చేస్తే ఆ అందమే వేరురా!" అన్నాడు.

మార్కండేయులు నోరు తెరిచాడు. అది తాము గీసిందే అని చెబుదామనుకున్నాడు. తనకే హక్కూ లేదని పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

అప్పుడే దమయంతి నేసిన చీరల మూట చంకన పెట్టుకుని బస్సు కోసం అటు వచ్చింది. తల ఎత్తి చాలాసేపు చూసింది. గాలికి ఫ్లెక్సీ కదిలినప్పుడల్లా ఆ ఈకలు ప్రాణం ఉన్నట్టు ఊగాయి. "చీరల మీదైతే ఆ చీటీ పీకి పారేయొచ్చు" అంది, ఎవరితోనో అన్నట్టు.

"దమయంతీ..." అన్నాడు అతను.

"కాస్త తప్పుకోండి మార్కండేయులు గారూ, బస్సొస్తోంది" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె అతన్ని గారూ అనడం అదే మొదలు. బావా అన్న పిలుపు మళ్ళీ అతని చెవిన పడలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఫ్లెక్సీ మీద నెమలి కన్ను మాత్రం రెప్ప వేయకుండా అతన్నే చూస్తూ ఉంది.

నీతి: తన చేతి అందాన్ని తానే చులకన చేసుకుని, తోడు పనిచేసినవాళ్ళకు చెప్పకుండా పరాయి ముద్రను నెత్తిన పెట్టుకున్నవాడికి చివరకు తన పేరూ మిగలదు, తనవాళ్ళూ మిగలరు.