ఇసుక మీద ఈత

గోదారి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే ముందు మడచెట్ల మధ్య కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ గట్టు కింద బొరియలో ఒక నీటికుక్కల కుటుంబం కాపురం ఉండేది. తండ్రి వీర్రాజు, తల్లి నూకాలు, కూతురు మంగ, కొడుకు సింహాద్రి. పేరుకి సింహాద్రి గానీ, పిల్లాడు కొబ్బరిచిప్పంత.

ఇల్లు చిన్నదే. సందడి ఎక్కువ. వీర్రాజు చేప తెచ్చి గుమ్మంలో పడేసేసరికి పిల్లలిద్దరూ చెరో కొసా కరిచి లాగేవాళ్ళు. చేప తెగేది. ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడేవాళ్ళు. తోక వచ్చినవాడు తల కావాలని ఏడ్చేవాడు. తల వచ్చినది తోక కావాలని ఏడ్చేది. నూకాలు తన వాటా కూడా చీల్చి ఇద్దరికీ పెట్టి, మూతులు నాకి, లెక్కలు చెప్పడానికి కూర్చునేది. గట్టు మీది ఎర్రపీతల్ని లెక్కపెట్టించేది. పీతలు ఒకచోట నిలవవు కాబట్టి ఏ రోజు లెక్క ఆ రోజుదే.

"ఏడు," అనేది మంగ.

"తొమ్మిది," అనేవాడు సింహాద్రి.

"ఇద్దరిదీ సరే," అనేది నూకాలు. పిల్లలు కాసేపు కుదురుగా కూర్చోవడమే ఆమెకి కావలసింది.

అన్నీ నేర్పింది. ఒక్క ఈత తప్ప.

పోయిన వానాకాలం వరదలో ఆమె పెద్దకొడుకు కొట్టుకుపోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పిల్లలకి నాలుగో నెల వచ్చింది. ఎగువనున్న తోటి పిల్లలంతా నీళ్ళలో మునకలేస్తున్నారు. వీర్రాజు ఒకరోజు గొంతు సవరించుకున్నాడు.

"పాయ నెమ్మదిగా ఉంది. ఇవాళ పిల్లల్ని దింపుదామా?"

"ఎండగా ఉంది."

"నిన్న మబ్బుగా ఉందన్నావు."

"నిన్న మబ్బుగానే ఉంది," అంది నూకాలు.

వీర్రాజు వేటకి వెళ్ళిపోయాడు.

అలాగని పిల్లల్ని మొద్దుల్లా వదిలేసే తల్లి కాదు ఆమె. నీళ్ళకి పది బారల దూరంలో, పొడి ఇసుక మీద ఈత నేర్పడం మొదలుపెట్టింది. ఇద్దర్నీ బోర్లా పడుకోబెట్టేది.

"ముందుకాళ్ళు. వెనకకాళ్ళు. తోక ఎడమకి. ఇప్పుడు మునక. కళ్ళు మూసుకోండి, ఊపిరి బిగబట్టండి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి."

"అమ్మా, ముక్కులోకి ఇసుక పోతోంది."

"నీళ్ళు పోవడం కన్నా నయం. మూతి దించు."

పాయలో మెడదాకా మునిగి నెమరేసే ముసలి గేదె ముత్యాలు ఇదంతా రోజూ చూసేది.

"ఏమే నూకాలూ, నీళ్ళు ఇటున్నాయే."

"తెలుసులే అక్కా."

"తెలిస్తే సరే. ఎందుకైనా మంచిదని చెప్పా."

మడపొదల చాటునుంచి ఇంకొకడు కూడా చూస్తున్నాడు. నక్క. అతన్ని అందరూ పంతులుగారు అంటారు. ఏం చదివాడో ఎవరికీ తెలీదు, మాట మాత్రం మెత్తన. నీటికుక్క పిల్లలంటే అతనికి నోరూరేది గానీ, ఎప్పుడు దగ్గరికి వెళ్ళినా అవి బుడుంగుమని నీళ్ళలోకి జారిపోయేవి. నీళ్ళలోకి జారలేని నీటికుక్క పిల్లల్ని చూడడం అతనికి ఇదే మొదలు.

మర్నాడు పొదల్లోంచి బయటికొచ్చి దూరంగానే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోనంటే ఒక్క మాట. ఇన్నేళ్ళుగా ఈ అడవిలో తిరుగుతున్నాను. ఇంత జాగ్రత్త గల తల్లిని చూళ్ళేదు."

నూకాలు పళ్ళు చూపించింది. పంతులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కోప్పడకు. ఆ ఎగువ తల్లులు పిల్లల్ని ఎత్తి నీళ్ళలో పడేస్తున్నారు. మనసెలా ఒప్పుతుందో. నీళ్ళలో ఈత నేర్పడం పాతపద్ధతి తల్లీ. నీది, చూడు, అదీ పద్ధతంటే."

వరద వచ్చిపోయిన దగ్గర్నుంచీ నువ్వు చేసింది మంచిపనే అని నూకాలుతో ఎవరూ అనలేదు. పళ్ళు దాచుకుంది.

అప్పట్నించీ పంతులు రోజూ వచ్చాడు. రోజూ ఒక అడుగు దగ్గరగా కూర్చున్నాడు. "తోక ఇంకొంచెం ఎడమకి బాబూ," అనేవాడు. "ఆహా, ఏం మునక," అనేవాడు. పిల్లలకి అతనంటే భయం పోయింది. ఒక సాయంత్రం మాట కదిపాడు.

"పిల్లలకి ఈత వచ్చేసింది చెల్లెమ్మా. పరీక్ష పెట్టి ఆకు ఇచ్చేస్తాను. ఇక నీళ్ళలోకి దింపమని నిన్ను ఎవరూ సాధించరు."

"ఆకేవిటి?"

"మడాకు. దాని మీద నా పంటిగాటు ఉంటుంది. అది చూపిస్తే ఈత వచ్చినట్టే లెక్క."

"నాకు రెండు గాట్లు కావాలి," అన్నాడు సింహాద్రి.

"పెడతాలే నాన్నా. నీకు కాకపోతే ఎవరికి పెడతాను," అన్నాడు పంతులు.

"పరీక్ష ఎక్కడ?" అంది నూకాలు.

"ఎదర కనిపించే దిబ్బ మీద. రేపు పాటు వేళకి ఇటువైపు నీళ్ళు లాగేస్తాయి, నడిచే వెళ్ళిపోవచ్చు. పిల్లల కాలు తడవదు. నువ్వు మాత్రం రాకు. తల్లి ఎదురుగా ఉంటే పిల్లలు తడబడతారు."

కాలు తడవదన్న మాట దగ్గరే నూకాలు ఒప్పేసుకుంది.

వీర్రాజు విని, "ఈతకి ఆకు దేనికి?" అన్నాడు.

"నీకు తెలీదు."

"నాకు ఈత తెలుసు," అన్నాడు వీర్రాజు. నూకాలు అటు తిరిగి పడుకుంది.

మర్నాడు వీర్రాజు పాయ సముద్రంలో కలిసే మొగలోకి వేటకి వెళ్ళాక, పాటు తీసింది. దిబ్బకీ గట్టుకీ మధ్య తడి ఇసుక తేలింది. పిల్లలిద్దరూ మూతులు కడిగించుకుని పంతులు వెనకాల బయల్దేరారు. మంగ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నూకాలు వెళ్ళమని తలూపింది.

గేదె ఆ పక్కనే బురదలో పడుకుని ఉంది.

"పిల్లలేరే?"

"పరీక్షకి వెళ్ళారు అక్కా. ఈతలో."

"నీళ్ళు లేనప్పుడా?"

"కాలు తడవకూడదన్నారు పంతులుగారు."

గేదె నెమరు ఆపింది. "నేను గడ్డి తినేదాన్ని, నాకు పెద్దగా తెలీదు. ఆ పంతులు ఏం తింటాడే?"

నూకాలు లేచింది.

ఇసుక మీదుగా పరిగెడితే పంతులు దూరంనుంచే చూస్తాడు. దిబ్బకి అవతలి పక్క నడిపాయ ఉంది. పాటులో కూడా లోతు తగ్గని చోటు. వరద తర్వాత ఆమె నడిపాయలోకి దిగలేదు. ఒడ్డున బురదలో దొరికిన పీతలతో సరిపెట్టుకునేది. ఇప్పుడు మడపొదల చాటున చుట్టూ తిరిగి వెళ్ళి దిగింది. మునిగి, ఎక్కడా తేలకుండా పోయి, దిబ్బ అంచున తల ఎత్తింది. అప్పటికే పోటు మొదలై నీళ్ళు ఎక్కుతున్నాయి.

పిల్లలిద్దరూ ఇసుక మీద బోర్లా పడుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. పంతులు సింహాద్రి మెడ మీదికి వంగుతున్నాడు.

"పంతులుగారూ," అంది నూకాలు.

పంతులు ఉలిక్కిపడి నాలుక లోపలికి తీసుకున్నాడు. పిల్లలు కళ్ళు తెరిచారు.

"రావద్దన్నాను కదా చెల్లెమ్మా."

"పరీక్ష చెడగొట్టడానికి రాలేదండి. చిన్న చిక్కొచ్చింది. ఎగువ తల్లులు అడుగుతున్నారు, మీ పంతులుగారికి ఈత వచ్చా అని. వస్తే వాళ్ళ పిల్లల్ని కూడా రేపే పంపిస్తారట. మొత్తం పదమూడు మంది."

పంతులు చెవులు రెండూ నిక్కాయి. ఇప్పుడు దూకితే ఒక్క పిల్ల దొరుకుతుంది, తల్లి కరవకుండా వదలదు. పేరు కూడా పోతుంది. పేరు నిలబెట్టుకుంటే పదమూడు మంది వాళ్ళంతట వాళ్ళే నడిచి వస్తారు. ఈ ఇద్దరూ ఎలాగూ ఎక్కడికీ పోరు.

"నాకు ఈత వచ్చా అని అడగడమేవిటి, విడ్డూరం."

"నేనూ అదే అన్నానండి. వినడం లేదు. ఒక్కసారి చేసి చూపించండి, నేనే వెళ్ళి చెప్తాను. తల్లి చెప్తే తల్లులు నమ్ముతారు."

పంతులు నీళ్ళవైపు ఓరగా చూశాడు. "అందులోనా?"

"ఛ, అది పాతపద్ధతి కదండీ."

పంతులు ముఖం విప్పారింది. ఇసుక మీద బోర్లా పడుకున్నాడు. పిల్లలకి పంతులుగారికి పాఠం చెప్పడం కన్నా సరదా ఏముంటుంది. ఇద్దరూ చెరోపక్కా చేరారు.

"ముందుకాళ్ళు," అన్నాడు సింహాద్రి. "వెనకకాళ్ళు."

"తోక ఎడమకండి. అది కుడి," అంది మంగ. "అబ్బ, అదీ కుడే."

"ఇప్పుడు మునక," అంది నూకాలు. "పిల్లలు ఇరవై లెక్కపెడతారు. మీరు పెద్దవారు."

"వంద పెడతాను," అని పంతులు కళ్ళు మూసుకుని ముక్కు ఇసుకలో దించాడు.

నూకాలు పిల్లల్ని మూతితో తోసుకుంటూ నీటి అంచుకి తెచ్చింది. అక్కడ ఇద్దరూ ఆగిపోయారు.

"అమ్మా, మాకు ఇసుక మీదే కదా వచ్చు," అంది మంగ.

"నేను నేర్పింది తప్పు," అంది నూకాలు. "తమ్ముణ్ణి నోట కరుచుకుంటాను. ఇద్దరికీ నోరు చాలదు. నువ్వు దూకాలి."

"మునిగిపోతే?"

"కింద నేనుంటాను."

మంగ అమ్మ ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో, దూకేసింది. నూకాలు సింహాద్రిని కరుచుకుని వెనకాలే దూకింది.

మంగ మునిగింది. ఒకటి, రెండు, మూడు. నూకాలుకి లోకంలో ఆ మూడు అంకెలే మిగిలాయి. నాలుగు అనేలోపు రెండు మీసాలు తేలాయి, వాటి వెనక తుమ్ముతూ పిల్ల తేలింది. ఆమె నేర్పినట్టు ఒక్క కాలూ కదలడం లేదు. తోక ఎటో ఉంది. అన్నీ తప్పే. పిల్ల ఈదుతోంది.

నోట్లో సింహాద్రి కాళ్ళు కొట్టుకుంటున్నాడు. "నన్నూ వదులు. అక్కని వదిలావు కదా."

వాణ్ణి అలాగే కరుచుకుని గట్టుదాకా తీసుకుపోవచ్చు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా మెల్లగా నోరు తెరిచింది. వాడు బుడుంగుమని మునిగి, ఎవరూ అనుకోని చోట తేలి, "నేను చేపని చూశాను," అన్నాడు.

దిబ్బ మీద పంతులు వంద పూర్తిచేసి కళ్ళు తెరిచాడు. ఎదర ఎవరూ లేరు. వెనక్కి తిరిగాడు. అతను లెక్కపెడుతుండగా పోటు ఎక్కేసింది. నడిచొచ్చిన తడి ఇసుక మీద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఒక కాలు పెట్టి చూసి తీసేశాడు.

"చెల్లెమ్మా, ఇదేం మర్యాద? నన్ను గట్టుకి చేర్చు."

"మీకు ఈత వచ్చు కదండీ. ఇందాకే చూశాను."

"తోక మాత్రం ఎడమకి పంతులుగారూ," అంది మంగ నీళ్ళలోంచి.

కేకలకి ఎగువ తల్లులు పిల్లల్ని వేసుకుని చూడ్డానికొచ్చారు. నీళ్ళు పంతులు పొట్టదాకా ఎక్కాయి. మళ్ళీ పాటు తీసేదాకా అతను అలాగే తోక పైకెత్తుకుని నిలబడ్డాడు. అంతసేపూ పదమూడు మంది పిల్లలు దిబ్బ చుట్టూ ఈదుతూ అతన్ని ప్రశ్నలడిగారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల అతను ఎవరికీ పంతులుగా కనిపించలేదు.

వీర్రాజు చేపతో వచ్చేసరికి పిల్లలిద్దరూ పాయలో ఒకరి తోక ఒకరు పట్టుకోబోతున్నారు. చాలాసేపు చూశాడు.

"ఎవరు నేర్పారు?"

"వాళ్ళే," అంది నూకాలు. "నేను దిగాను, అంతే."

పిల్లకి ఈత రావాలంటే ముందు తల్లి తడవాలి.