మంచు పడ్డాక గాలి

మా నిత్యబోధ స్వామికి ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం చేతకాదు. అడిగినవాణ్ణి దేనిముందో కూర్చోబెట్టి ఊరుకుంటారు. ఆ అలవాటుకు విసుక్కోనివాడు మాలో లేడు.

మా ఆశ్రమం హిమాలయాల్లో ఒక కొండవాలు మీద ఉంది. మందుల సంచి భుజాన వేసుకుని పైపల్లెలన్నీ తిరిగే సింహాద్రి, ఆ వానాకాలంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక నడవలేవని డాక్టరు తేల్చేశాడు. వెచ్చగా ఉంటుందని వంటింట్లోనే మంచం వేశాం. చలికాలం మొదట్లో ఒకరోజు అతను స్వామిని అడిగాడు.

"కదల్లేనివాడు ఎవరికి పనికొస్తాడు స్వామీ? నన్ను కిందికి పంపేయండి."

స్వామి "చూద్దాంలే నాయనా" అన్నారు.

మర్నాడు తెల్లారేసరికి పైనున్న పచ్చికబయలంతా మంచు పరుచుకుంది. మా వంటింటితో సహా ఆ కొండ మీది ఇళ్ళ కప్పులకు పొగ పోయే కన్నాలు రెండుంటాయి. మామూలు రోజుల్లో పగటి గాలి కొండెక్కుతుంది గనక కొండవైపు కన్నం తెరుస్తారు. మంచు పడితే దాన్ని మూసి లోయవైపుది తెరుస్తారు. తెనాలి నుంచి కొత్తగా వచ్చిన మా వంటవాడు కోటిలింగానికి ఈ సంగతి ఏం తెలుసు? ఎండెక్కాక రోజూలాగే కొండవైపు కన్నం తీసి పొయ్యి అంటించాడు. పొగంతా మా మొహాల మీదికే వచ్చింది.

"నిన్నటిదాకా బుద్ధిగానే పోయేది కదా, ఈ గాలికేం మాయరోగం" అని దగ్గుతూ తిట్టిపోశాడు.

స్వామి వచ్చి కన్నం మార్చారు. పొగ బయటికి పోయింది. అప్పుడు సింహాద్రి పక్కన కూర్చున్నారు.

"మంచు ఎండను వెనక్కి కొట్టేస్తుంది. దాని మీది గాలి చల్లబడి, బరువెక్కి కిందికి జారుతుంది. ఇది మన కొండ సంగతి. ఉత్తరాన దేశాలకు దేశాలే మంచు కప్పుకుంటే, ఆ చలికాలం ఆకాశంలో పోయే పెద్దగాలులు కూడా దారి మార్చుకుంటాయట."

"గాలి గొడవ నాకెందుకు స్వామీ" అన్నాడు సింహాద్రి. పొగ పోయినా అతని కళ్ళు తడిగానే ఉన్నాయి.

అంతలో ఎవరో తలుపు తట్టారు. పైపల్లె నుంచి ఒకామె, జ్వరంతో మూలుగుతున్న పాపను ఎత్తుకుని మంచులో నడిచొచ్చింది. మందులాయన ఉన్నాడా అని అడిగింది. సింహాద్రి మోచేతి మీద లేచి పాప నుదురు తాకాడు, నాలుక చూశాడు, కోటిలింగం చేత మందు తీయించి ఎలా వాడాలో ఆమెకు రెండుసార్లు చెప్పాడు. పల్లెలో ఇంకా ఇద్దరికి ఒంట్లో బాగాలేదనీ, రేపు వాళ్ళనీ తీసుకొస్తాననీ చెప్పి ఆమె వెళ్ళింది.

"ఆ మంచం తలుపు దగ్గరికి జరుపుదాం, ఒక చెయ్యి వెయ్యి" అన్నారు స్వామి నాతో.

"మరి నేను కిందికి వెళ్ళేదో?" అన్నాడు సింహాద్రి, కాస్త నవ్వుతూనే.

స్వామి మంచం కోడు పట్టుకున్నారు.

"గాలిని మళ్ళించడానికి మంచు ఎక్కడికైనా వెళ్ళిందా నాయనా?"