సున్నా అని రాసిన మూటలు

గాజువాక ఆటోనగర్‌లో శబ్దాలను అంకెలుగా లెక్కకట్టే చిప్‌లకు, అంటే సిగ్నల్ ప్రాసెసర్లకు, ప్రోగ్రాం రాయడం నేర్పే సన్యాసిరావు గారికి ఒక అలవాటుండేది. శిష్యులు చిక్కు ప్రశ్న వేస్తే, జవాబు చెప్పకుండా చెప్పులు తొడుక్కుని వాళ్లను బయటికి తీసుకెళ్లేవారు.

ఒకనాడు ఇందుమతి వచ్చింది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు పట్టే చిన్న పరికరం చేస్తోందామె. మర్నాడే దాన్ని ఆసుపత్రిలో ఒక గర్భిణికి పెట్టి చూడాలి.

"మాస్టారూ, ప్రోగ్రాం ఒకటే, రికార్డు చేసిన శబ్దం ఒకటే. కంప్యూటర్‌లో బిడ్డ గుండె కనబడుతోంది. ప్రాసెసర్ మీద తల్లి గుండె ఒక్కటే మిగులుతోంది. లేని చప్పుడును నేను చూపిస్తున్నానా, ఉన్నదాన్ని చెరిపేస్తున్నానా?"

ఆయన ఆమెను వీధి చివర లారీల కాటా దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ తగువు నడుస్తోంది. పాత ఇనుము ఏరుకునే నూకాలమ్మ ఆరు మూటలు తెచ్చింది. చిన్న కాటా చెడిపోయిందని గుమాస్తా వాటిని లారీల కాటా మీదే ఒక్కొక్కటిగా తూచాడు. అది పదేసి కిలోల లెక్కనే చూపిస్తుంది. నాలుగు కిలోల మూట పెట్టిన ప్రతిసారీ సున్నా వచ్చింది. ఆరుసార్లూ అతను సున్నా అనే రాశాడు.

"అన్నీ సున్నాలైతే నా నడుం ఎందుకు నొప్పెడతంది బాబూ?"

"కాటా చూపించిందే రాశానమ్మా," అన్నాడతను. అతని ముఖంలోనూ అయోమయమే.

ఆమె ఆరు మూటలూ ఒకేసారి కాటా ఎక్కించింది. ఇరవై అని వెలిగింది. "నా చేతికి ఇరవైనాలుగు తగిలింది," అని గొణుగుతూనే ఇరవై రాయించుకుంది.

ఇందుమతి తిరిగొచ్చి, తన ప్రోగ్రాంను ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్‌ను విప్పి చదివింది. ఎవరైనా లోపలి రాత చదువుకోవచ్చని ఉచితంగా వదిలిన కంపైలర్ అది. వేగం కోసం కూడికల వరుస మార్చుకొమ్మని దానికి అనుమతిచ్చింది తనే. అది చిన్న చిన్న అంకెలను ఒక్కొక్కటిగా పెద్ద మొత్తానికి కలుపుతోంది. ప్రాసెసర్ కొన్ని అంకెలే దాచుకోగలదు కాబట్టి, కాటా మీది ఒక్క మూటలా, కలిపినది కలిపినట్టే మాయమవుతోంది. ఆమె ఆ అనుమతి తీసేసి, చిన్నవాటిని ముందుగా ఒకచోట చేర్చింది. సాయంత్రానికల్లా ప్రాసెసర్ మీద బిడ్డ గుండె కొట్టుకుంది.

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. "కంప్యూటర్‌లోవీ ప్రాసెసర్ మీదవీ చివరి అంకెలు ఇప్పటికీ ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు మాస్టారూ. అసలు విలువ ఎంత?"

సన్యాసిరావు గారు తెర మీద కొట్టుకుంటున్న గుండెను వేలితో చూపించారు.

"నాకూ తెలియదమ్మా. సున్నా మాత్రం కాదు."