మేనత్త ఇచ్చిన వెల్లుల్లాకు

గవరయ్య ఇంట్లో తెలివి ఎంత ఉండేదంటే, ఊరంతటికీ తలా కాస్త పంచినా తరగదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. చిన్నకొడుకు పోలినాయుడికి మరీను. వాడు పగలంతా మేనత్త కూతురు నూకరత్నం జడనే తల్చుకుంటూ, తెలివిని వాడకుండా దాచుకునేవాడు.

ఓ రోజు మేనత్త సూరీడమ్మ వెల్లుల్లి వాసనొచ్చే సన్నాకు దుబ్బొకటి తెచ్చింది.

"ఒరే పోలీ, దీన్ని బతికించి, ఆదివారం ఈ ఆకేసి కోడిగుడ్ల పొరటు వండిపెట్టు. మొక్కని చూసుకోలేనోడు నా పిల్లనేం చూసుకుంటాడు? దీనికి ఎండ తగలాలి. మొదలు ఆరకూడదు. పొరటులో ఆకు మాత్రం అన్నీ అయ్యాక ఆఖర్న వెయ్యి."

ఎండ తగలాలంది. ఇంకేముంది, పోలినాయుడు దుబ్బుని కుండలో పెట్టి, నెత్తికెత్తుకుని, ఎండ ఎటు జరిగితే అటు నడిచాడు. దారిన పోయే గాడిద ఆగి మరీ చూసింది. మబ్బేసిన రోజున అన్న అప్పలసామి కుండని పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. సగం ఆకు మాడింది.

మొదలు ఆరకూడదంది. అంతే, గవరయ్య దుబ్బుని పీకి మంచినీళ్ళ బిందెలో ముంచాడు.

"నీళ్ళు కంపు కొడుతున్నాయి నాన్నా," అన్నాడు అప్పలసామి.

"కొట్టనీరా. తాలింపు పని తప్పింది."

ఆదివారం సూరీడమ్మ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పోలినాయుడు పొరటు వడ్డించాడు. అందరూ తిన్నారు, చేతులు కడుక్కున్నారు, గిన్నెలు తోమేశారు. అప్పుడు వాడు మిగిలిన నాలుగాకులూ సన్నగా తరిగి, తోమిన గిన్నెలో వేసి అత్త ముందు పెట్టాడు.

"అన్నీ అయ్యాయత్తా. ఆఖర్న వేశాను."

నూకరత్నం నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. అది సిగ్గనుకుని పోలినాయుడి గుండె జల్లుమంది.

"నీ మొహానికి నా పిల్ల కూడానా," అంది సూరీడమ్మ లేస్తూ. "ఇకమీదట నా గుమ్మం తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఆవిడ వెళ్ళాక ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

"పిల్లనివ్వనని అనలేదు కదా," అన్నాడు పోలినాయుడు ఆశగా.

"లేదు. గుమ్మం గురించే ఆవిడ బెంగ," అన్నాడు అప్పలసామి. "కొత్తగా పసుపు పూసుంటుంది."

అంతే, మర్నాడు తాంబూలం పళ్ళెం పట్టుకుని, నిచ్చెనేసుకుని ముగ్గురూ సూరీడమ్మ ఇంటి తాటాకు కప్పెక్కారు. ఇంకేముంది, కప్పుతో సహా వంటింట్లో పడ్డారు.

సూరీడమ్మ రోకలి అందుకుంది. పోలినాయుడు దుమ్ములోంచి లేచి పళ్ళెం చాపాడు.

"కంగారుపడకత్తా. గుమ్మం మీద ఒక్క అడుగు పడలేదు."

"ముందు బయటికి నడవండిరా."

"ఎలా నడుస్తాం అత్తా, మధ్యలో గుమ్మముంది కదా. ఆ నిచ్చెన బయటుండిపోయింది, కాస్త ఇలా అందించు."