ముదిరిన పిచ్చి

రాజుగారి ధాన్యపు కొట్టు తగలబెట్టాడని నూకాలు మొగుడికి ఉరిశిక్ష పడబోతోంది. నిజానికి నిప్పు పెట్టినవాడు దండనాయకుడు భైరవరాయుడు. నూకాలు కళ్లారా చూసింది. ఆ మాట చెప్పడానికి సభలో నోరు తెరవగానే దండనాయకుడు అడ్డుపడ్డాడు.

"దీనికి పిచ్చి, ధర్మాధికారిగారూ. ఉత్త తిక్క అయితే పోనిద్దును. ఇది ముదిరిన పిచ్చి."

నూకాలు నిర్ఘాంతపోయింది. నిన్ననేగా ఈ మనిషి తన దగ్గర గీచి గీచి బేరమాడి కుండలు కొన్నాడు!

"పిచ్చివాళ్ల సాక్ష్యం చెల్లదమ్మా," అన్నాడు ధర్మాధికారి.

"మరి వాళ్లు తప్పు చేస్తే, బాబయ్యా?"

"శిక్షా ఉండదు."

నూకాలు తిన్నగా వెళ్లి దండనాయకుడి చెంప ఛెళ్లుమనిపించింది. వింజామర వీచేవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"దీన్ని కొరడాలతో కొట్టించండి," అని దండనాయకుడు గావుకేక పెట్టాడు.

"పిచ్చిది కదయ్యా," అన్నాడు ధర్మాధికారి, ఇంకా తేరుకోకుండానే.

"పిచ్చీ లేదు, పాడూ లేదు. ఒళ్లు కొవ్వెక్కి, అన్నీ తెలిసే కొట్టింది."

నూకాలు చేతులు కట్టుకుంది.

"నిజమే బాబయ్యా, తెలిసే కొట్టాను. కొరడా దెబ్బలు తరవాత తింటాను. ముందు నా సాక్ష్యం వినండి."