పాతర మీద బండ

రాజులు కోటల్లో ఉండే రోజుల్లో, కూలి లేని వెట్టిచాకిరికి రామని చెప్పినందుకు సేనాపతి అయిన దళవాయి ఐదుగురు కుమ్మర్లను నేలలో తవ్విన ధాన్యపు పాతరలోకి దింపి, పైన బండ మూయించాడు. వాళ్లలో సాలమ్మ మొగుడూ ఉన్నాడు.

"గాలాడక చస్తారు దొరా!" అని ఆమె అరిచింది.

"అంబలిచ్చాను, నీళ్లిచ్చాను. కడుపు నిండినవాడు ఎందుకు చస్తాడే?" అని దళవాయి మీసం దువ్వాడు.

సాలమ్మకు ఒళ్లు మండిపోయింది. దగ్గర్లో వెలుగుతున్న దీపంలో నిండా నూనె పోసి, "ఇదెంతసేపు వెలుగుతుంది?" అంది.

"నూనె ఉన్నంతసేపు."

ఆమె దాని మీద కుండ బోర్లించింది. కాసేపాగి, ఊరంతా చూస్తుండగా ఎత్తింది. దీపం ఆరిపోయి ఉంది.

"నూనె ఉంది, వత్తి ఉంది. మరెందుకారింది దొరా?"

"దీపం వేరు, మనిషి వేరు!"

"అలాగైతే మీరూ లోపలికి దిగండి. అంబలి నేనే పోస్తాను, బండా నేనే మూస్తాను."

జనం ఒక్కో అడుగే ముందుకొచ్చారు. "ఎత్తండిరా బండ!" అని దళవాయి భటుల మీద కేకేశాడు.

ఐదుగురూ పైకొచ్చి గాలిని ఆబగా పీల్చుకున్నారు.

"ప్రాణభిక్ష పెట్టాను, దండం పెట్టవే" అన్నాడు దళవాయి.

"ఊపిరి మీరిచ్చింది కాదు దొరా. ఆపబోయింది మాత్రం మీరే" అని సాలమ్మ, మొగుడి చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది.