తాయారు ఇంటి కిటికీలు

చలిగాలి వస్తోంది, కిటికీ మూసెయ్యమంటున్నావు కదా బంగారం. ముందు ఈ కథ విను, ఆ తర్వాత నువ్వెలా అంటే అలాగే.

అనగనగా ఓ ఊళ్ళో, సందు మలుపులో, మూడు కిటికీల ఇల్లు ఒకటి ఉండేది. అందులో చలమయ్య, వాళ్ళావిడ తాయారు కాపురం ఉండేవాళ్ళు. తాయారు నవ్విందంటే సందు చివరిదాకా వినబడేది. ఆ నవ్వంటే చలమయ్యకి ప్రాణం.

వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగానే పక్కింటి పిచ్చమ్మత్త కిటికీ. కూర గిన్నెలూ, ఊళ్ళో కబుర్లూ అందులోంచే అటూ ఇటూ తిరిగేవి.

ఓసారి వాళ్ళ గేదె వట్టిపోయింది. అప్పుడు చలమయ్య వాస్తు చూసే సిద్ధాంతిని పిలుచుకొచ్చాడు. దోషమంతా వంటింటి కిటికీలోనే ఉందన్నాడాయన. ఇటుకలు పేర్చి దాన్ని పూడ్చేశారు. ఇంక పొగ బయటికి పోయే దారేదీ? తాయారు కళ్ళు తుడుచుకుంటూ వండేది. వండుతూ పాడడం మానేసింది.

తాయారు దిగులుగా ఉంటోందని చలమయ్య మళ్ళీ ఆ సిద్ధాంతి దగ్గరికే వెళ్ళాడు. ఈసారి వీధి కిటికీ పోయింది. ఆ తర్వాత తాయారుకి బడికెళ్ళే పిల్లలు కనబడలేదు, పూలమ్మే ఆవిడ కనబడలేదు. ఊరికే విసుక్కునేది, గిన్నెలు ఎత్తి పడేసేది.

అప్పుడు సిద్ధాంతి పొద్దు పొడిచే వైపు కిటికీ కూడా పూడ్చమన్నాడు. తాయారు మెల్లగా అంది, "ఏమండీ, ఈ ఇంట్లో నా మాట గోడకి తగిలి నాకే తిరిగొస్తోంది. అదొక్కటీ ఉంచండి."

"ఆ దోషం పోవాలనే కదా తాయారూ" అన్నాడు చలమయ్య. ప్రేమగానే అన్నాడు, ప్రేమగానే పూడ్చాడు.

ఎండలు పోయాయి, వానలు పోయాయి. ఆ ఇంట్లో పగలు కూడా దీపమే. గేదె పాలివ్వనూ లేదు, తాయారు నవ్వనూ లేదు.

అప్పుడు పిచ్చమ్మత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏరా చలమయ్యా, గేదె పాల కోసం పెళ్ళాన్ని గాదెలో పోసి మూత పెట్టావా?" అంది.

చలమయ్య ఆ మాటకి లేచాడు. గునపం తెచ్చి వంటింటి ఇటుకలు పగలగొట్టాడు. దుమ్ములోంచి ఎండ వచ్చి తాయారు మొహాన పడింది. పిచ్చమ్మత్త గబగబా తన వంటింట్లోకి వెళ్ళి, అటునుంచి గోంగూర గిన్నె చాపింది.

తాయారు చెయ్యి చాపలేదు. కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని మూలకి జరిగింది.

"గుచ్చుకుంటోందండీ. మూసెయ్యండి" అంది.

చలమయ్య మాత్రం ముయ్యలేదు. రోజూ ఆ కిటికీ పక్కనే కూచుని, ఆ మూలకేసి చూస్తూ ఉండేవాడు.

ఇప్పుడు చెప్పు తల్లీ, కిటికీ ముయ్యనా? వద్దా? సరే, దుప్పటి కప్పుకో మరి.

కథ నడిచె కంచికి,
గాలి వచ్చె ఇంటికి,
నిద్ర రావె కంటికి.